ఒట్టు తప్పినవాడి దేవుడు: ఒక మద్యవ్యసనం కేసు

ఈ కేసు రాయడానికి రోగి దగ్గరా, ఆయన భార్య దగ్గరా అనుమతి తీసుకున్నాను. ప్రచురించే ముందు ఇద్దరూ చదివారు. గుర్తుపట్టగల వివరాలు మార్చాను. ఆయనది ఏ మతమో మాత్రం మార్చలేదు, అసలు రాయలేదు. మీరు ఏ మతం ఊహించుకుని చదివినా జరిగింది ఇదే.

చేరిన రోజు

వయసు 46. అకౌంట్స్ ఉద్యోగం. 24 ఏళ్లుగా తాగుతున్నారు, చివరి ఆరేళ్లు రోజూ. పొద్దున లేవగానే చేతుల వణుకు ఆగడానికి కొంచెం, ఆ తర్వాతే ఆఫీసు. రోజు మొత్తం మీద దాదాపు 400 మి.లీ. విస్కీ. అంతకుముందు వేరే చోట్ల రెండుసార్లు అడ్మిట్ అయ్యారు. రెండోసారి తాగుడు ఆపిన మర్నాడే ఫిట్స్ వచ్చాయి. మా దగ్గర తాగుడు ఎంత ముదిరిందో చూసే ఆడిట్ ప్రశ్నావళిలో 40కి 31 వచ్చింది. 20 గానీ అంతకు మించి గానీ వస్తే డిపెండెన్స్, అంటే మద్యం లేకుండా ఉండలేని స్థితి, ఉందేమోనని చూస్తాం. చివరిసారి తాగి 14 గంటలైంది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, నాడి 116, బీపీ 160/100. తాగుడు ఆపగానే వచ్చే బాధల్ని విత్‌డ్రాయల్ అంటాం. దాని తీవ్రతను కొలిచే సీవా స్కేలు మీద 67కి 21.

పాత ఫిట్స్ ఉన్నాయి కాబట్టి ఆలస్యం చెయ్యలేదు. థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. విత్‌డ్రాయల్‌ను అణిచే మందుల్లో, కాలేయం ఎంజైములు ఎక్కువగా ఉన్నందున క్లోర్‌డయాజిపాక్సైడ్ బదులు లొరాజెపామ్ ఇచ్చి, తొమ్మిది రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. మతిభ్రమ దశ సాధారణంగా చివరిసారి తాగిన 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. అది రాకుండా గట్టెక్కారు. ఎంజైములు దిగాక 12వ రోజున తాగాలనే కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ మాత్ర 50 మి.గ్రా. మొదలుపెట్టాం.

ఈ వ్యాసం ఆధ్యాత్మికత గురించే అయినా ఒక మాట ముందే చెప్పాలి. ఈ తొమ్మిది రోజుల్లో దానికి పనేమీ లేదు. తీవ్రమైన విత్‌డ్రాయల్‌లో ఉన్న మనిషికి మందులివ్వకుండా ప్రార్థనలో కూర్చోబెడితే ప్రాణం పోవచ్చు. అలా పోయేదాకా వచ్చినవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఫైల్లో నేను రాసిన తప్పు

మా వార్డులో రోజూ పొద్దున పది నిమిషాలు అందరూ మౌనంగా కూర్చుంటారు. ఇష్టమున్నవాళ్లు ప్రార్థన చేసుకుంటారు, లేనివాళ్లు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. బలవంతమేమీ లేదు. ఈయన మాత్రం సరిగ్గా ఆ సమయానికి బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకునేవారు. నాలుగు రోజులు చూసి, ఫైల్లో ‘గ్రూప్ కార్యక్రమాలకు సహకరించడం లేదు’ అని రాశాను.

ఆయన నమ్మకాల గురించి అప్పటిదాకా నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నేను పెద్ద భక్తుణ్ణి కాదు, అది ఒక కారణం. రెండోది మాలో చాలామందికి ఉన్న మొహమాటం. అప్పులెన్ని, పోలీసు కేసులున్నాయా, దాంపత్యం ఎలా ఉంది, ఇవన్నీ మొదటి రోజే అడిగేస్తాం. దేవుడి దగ్గరికి వచ్చేసరికి అది సొంత విషయం అనిపిస్తుంది. నిజానికి ఆ అడగడం ఎలాగో నేర్పే పద్ధతి ఉంది. క్రిస్టినా పుకాల్‌స్కీ అనే వైద్యురాలు 1996లో తయారుచేసింది. దేన్ని నమ్ముతారు, అది మీ జీవితంలో ఎంత ముఖ్యం, ఆ నమ్మకం పంచుకునే మనుషులున్నారా, వైద్యంలో దాన్ని మేమెలా లెక్కలోకి తీసుకోవాలి? ఇంతే. నాకు ఆ పద్ధతి తెలుసు, వాడలేదు.

నన్ను సరిచేసింది మా నర్సు. ఫైలు చూసి, "ఆయన విసుగొచ్చి వెళ్లడం లేదు సార్, భయమేసి వెళ్తున్నారు" అంది.

16వ రోజున కూర్చోబెట్టి అడిగాను. "మీకు దేవుడంటే నమ్మకం ఉందా?"

"నమ్మకమేంటి డాక్టర్ గారూ, చూశాను కదా" అన్నారు.

ఆయన చూసింది

తొమ్మిదేళ్ల కిందట, పాపకు ఐదేళ్లప్పుడు, ఇంట్లో పెద్ద గొడవ అయింది. ఆ రాత్రి పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు, ఇక ముట్టనని. పది రోజులు నిజంగానే ముట్టలేదు. 11వ రోజు రాత్రి ఆఫీసు నుంచి వస్తూ ఒక క్వార్టర్ కొని, ఇంటి వెనక నిలబడి సగం తాగారు. పావుగంటలో మొహం నిప్పులా కాలింది. గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, ఆగని వాంతులు. చచ్చిపోతున్నాననుకున్నారు. అంతకుముందు పదిహేనేళ్లు తాగిన మనిషికి ఒక్కసారి కూడా అలా జరగలేదు.

మూడు వారాలకు పాపకు న్యుమోనియా వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. తగ్గిపోయింది. ఆయనకు మాత్రం లెక్క పూర్తయింది. ఒట్టు తప్పాను, మొదట నన్ను హెచ్చరించాడు, విననందుకు పాప మీదికి వచ్చాడు. ఆ రోజు నుంచి పూజ, ప్రార్థన అన్నీ ఆపేశారు. నమ్మకం పోయి కాదు, మొహం చూపించలేక. పాప తల మీద మళ్లీ చెయ్యి వెయ్యలేదు. "నా ఆడిట్ ఎప్పుడో అయిపోయింది డాక్టర్ గారూ, ఇంక శిక్ష అనుభవించడమే" అన్నారు.

మతం మనిషికి కష్టంలో ఆసరా అవుతుందని అందరూ అంటారు. అదే మతం మనిషిని నలిపెయ్యగలదని చెప్పినవాళ్లు తక్కువ. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త ఈ రెండింటినీ విడదీసి కొలిచే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 14 ప్రశ్నలు, ఏడు ఆసరా వైపు, ఏడు నలుగుడు వైపు. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, నన్ను వదిలేశాడు అనే తరహావి రెండో ఏడింట్లో వస్తాయి. ఈయనకు ఆ ఏడింటిలోనూ దాదాపు పూర్తి మార్కులు పడ్డాయి.

తాగుడుతో దీనికి సంబంధం ఎక్కడంటే, మానిన మనిషి ఒకరోజు కాలు జారితే ఆ తర్వాత ఏమవుతుందనే చోట. అలాన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త దీని మీద చాలా పనిచేశారు. ఒక గ్లాసు తాగినవాడు ‘తప్పు జరిగింది, ఆపేద్దాం’ అనుకుంటే అది అక్కడే ఆగుతుంది. ‘నేనింతే, అయిపోయింది’ అనుకుంటే సీసా ఖాళీ అవుతుంది. మార్లాట్ దృష్టిలో ప్రమాదం ఆ మొదటి గ్లాసుకన్నా దాని వెంట వచ్చే సిగ్గులో ఎక్కువ. మా రోగి ఈ తొమ్మిదేళ్లలో ఐదుసార్లు మానారు. ఐదుసార్లూ మొదటి గుక్కతోనే ‘ఎలాగూ శిక్ష పడినవాణ్ణే కదా’ అనే మాట వచ్చింది. ప్రతిసారీ ఎవరో ఒకరు ఈడ్చుకొచ్చేదాకా వారాల తరబడి తాగారు. ఆయన దేవుడు ఆయన్ని తాగకుండా ఆపలేకపోయాడు, తాగాక వెనక్కి రానివ్వలేదు.

భార్య చెప్పింది

ఆ తర్వాతి వారం ఆమె ఒంటరిగా వచ్చింది. ఒట్టు సంగతి ఆయన నాకు చెప్పినట్టు ఆమెకు తెలిసింది. చాలాసేపు చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. ఒట్టేసిన మర్నాటి నుంచే ఆయన తాగే కాఫీలో మాత్ర పొడిచేసి కలిపింది. తెలియకుండా ఇవ్వండి, తనే మానేస్తాడని ఎవరో ఇచ్చారట. డైసల్ఫిరామ్.

ఈ మందు సంగతి 1948లో డెన్మార్క్ పరిశోధకుల ద్వారా బయటికొచ్చింది. శరీరంలో మద్యం విరిగేటప్పుడు మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా కాలేయం దాన్ని వెంటనే వదిలించుకుంటుంది. డైసల్ఫిరామ్ ఆ పని చేసే ఎంజైమును ఆపేస్తుంది. అప్పుడు తాగితే మొహం ఎర్రబడటం, దడ, వాంతులు, బీపీ పడిపోవడం. తెలిసి, ఒప్పుకుని, పర్యవేక్షణలో వేసుకునేవాడికి అది మంచి మందే. తెలియకుండా కలిపి ఇవ్వడం మాత్రం నేరంతో సమానం, గుండెజబ్బు ఉన్నవాడైతే చనిపోవచ్చు. ఇలా కలిపే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లను తిట్టి లాభం లేదు, అంత నిస్సహాయతలో ఉంటారు. ఇచ్చినవాళ్లను తిట్టాలి.

ఆ రాత్రి ఆయన పోతారేమోనని ఆమె హడలిపోయింది. మిగిలిన మాత్రలు పారేసింది. దేవుడు శిక్షించాడని ఆయన ఏడుస్తుంటే నిజం చెప్పబోయి ఆగింది. ఈ భయంతోనైనా మానేస్తారేమో అనుకుంది. మానలేదు. తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు. తొమ్మిదేళ్లయింది.

ఆమె ఒప్పుకోకుండా ఆయనకు ఈ మాట నేను చెప్పలేను. చెప్పమని ఒత్తిడీ చెయ్యలేదు. ఇది దాచిపెట్టి చేసే వైద్యం ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని మాత్రం చెప్పాను. ఆమెకు మూడు వారాలు పట్టింది. ఈలోగా ఆయన డిశ్చార్జయి వారం వారం ఓపీకి వస్తున్నారు.

శుక్రవారం సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. ఆమె చెప్పింది. ఆయన ఏమీ అనలేదు. కొంతసేపటికి, "ఎన్ని రోజులు కలిపావు?" అన్నారు.

"పదకొండు."

"పాపకి వచ్చింది?"

"అది జ్వరమేనండీ. వానలో తడిసింది."

లేచి వెళ్లిపోయారు.

నాకు ఆ సాయంత్రం లోపల ఒకరకమైన తృప్తి. పెద్ద ముడి విప్పానని. ఆ రాత్రి ఆయన తాగారు. మానిన 58వ రోజు అది. ఇందులో నా తప్పు స్పష్టంగా ఉంది. తొమ్మిదేళ్ల భయం ఎంత చెడ్డదైనా ఆయన దాన్ని పట్టుకునే నిలబడి ఉన్నారు. దాన్ని లాగేసి, చేతికి ఇంకేదీ ఇవ్వకుండా, రెండు రోజుల సెలవు ముందు ఇంటికి పంపాను. రాత్రికి ఫోన్ చెయ్యాల్సిన మనిషి లేడు, ఎక్కడ పడుకుంటారో తెలియదు, ముందు జాగ్రత్త ఏదీ రాసుకోలేదు. ఇప్పుడు అలాంటి మాటలు సోమవారం పొద్దునే పెట్టుకుంటాను.

సోమవారం

ఓపీ తెరిచేసరికి బెంచీ మీద ఉన్నారు. ఎవరూ తీసుకురాలేదు. ఆయన తాగిన తర్వాత తనంతట తాను రావడం అదే మొదటిసారి.

"శుక్రవారం రాత్రి గ్లాసు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను డాక్టర్ గారూ. మాత్ర వేసుకోలేదు, మీ మీద కూడా కోపమే. తాగాను. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. మూడో రోజు తలనొప్పి, వాంతులు, అవి నాకు తెలిసినవే. శిక్షేమీ పడలేదు. అందుకే వచ్చాను."

వారాల తరబడి సాగేది మూడు రోజుల్లో ఆగింది. కొత్త మందేమీ ఇవ్వలేదు. వెనక్కి వచ్చే దారిలో కాపలా ఉన్నవాడు లేచిపోయాడు, అంతే.

అయితే ఇక్కడితో ఆగిపోతే మిగిలేది ఖాళీ. "మరి అక్కడ ఎవరూ లేరా?" అని ఆయన నన్ను అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం డాక్టరు పని కాదు. నా నమ్మకమో అపనమ్మకమో ఆయన మీద రుద్దడం, ఆమె కాఫీలో కలిపినదాని కంటే పెద్ద తేడా ఉన్న పని కాదు. ఈ ప్రశ్నతో ఏళ్లుగా తంటాలు పడుతున్న తాగుబోతులు కొందరున్నారు, వాళ్లతో మాట్లాడతారా అని అడిగాను.

గదిని నమ్ము చాలు

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలైంది. బిల్ విల్సన్ స్టాక్ మార్కెట్ మనిషి, బాబ్ స్మిత్ సర్జన్. ఇద్దరూ మానలేక విసిగిపోయినవాళ్లే. డాక్టర్లూ బోధకులూ చెప్పినా ఎక్కనిది, ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుకి తన సంగతి చెప్తే ఎక్కిందని కనిపెట్టారు. మానడానికి వాళ్లు రాసుకున్న 12 మెట్లలో దేవుడనే మాట పదేపదే వస్తుంది, కానీ ‘మేము అర్థం చేసుకున్న దేవుడు’ అని ఒక వెసులుబాటు పెట్టారు. మా రోగి ఆ వెసులుబాటులోంచే లోపలికొచ్చారు. దేవుడనే మాటే వద్దనేవాళ్లను నేను స్మార్ట్ రికవరీ లాంటి మతంతో పనిలేని బృందాలకు పంపుతాను. ఈయనకు అది సరిపోదు. ఈయనకు నమ్మకం ఉంది, అది ఆయన మీద కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

మొదటి మీటింగులో ఎవరో ఉత్సాహంగా "నిన్ను నువ్వు అప్పగించుకో" అన్నారట. లేచి వచ్చేశారు. రెండోసారి వెళ్లినప్పుడు వెనక వరసలో ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. తర్వాత ఆయనే స్పాన్సర్, అంటే దారి చూపే పాత సభ్యుడు, అయ్యారు. "దేవుడి సంగతి తర్వాత చూద్దాంలే. ఈ గదిని నమ్ము చాలు. రేపు వస్తావా?" అన్నారట. ఒట్టు వెయ్యమనలేదు, జన్మలో ముట్టనని చెప్పమనలేదు. రేపు వస్తావా అని మాత్రమే. జీవితమంతటికీ కలిపి ఒక్కసారి పెట్టిన ఒట్టు కింద నలిగిన మనిషికి ఇది ఎంత తేలికగా ఉండి ఉంటుందో చూడండి.

ఐదో మెట్టులో తన తప్పులను దేవుడి ముందు, తన ముందు, ఇంకో మనిషి ముందు ఒప్పుకోవాలి. మా రోగి 40 పేజీలు రాసుకెళ్లారు, అకౌంట్స్ మనిషి కదా, తేదీలతో సహా. పెద్దాయన మూడు గంటలు విన్నారు. చివర్లో, "ఇందులో అంతా నువ్వే ఉన్నావు. నీ కూతురు ఎక్కడుంది?" అన్నారు. వెతికితే రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా ఒట్టుకు సాక్షిగా. ఆ నోటుబుక్కు మళ్లీ మొదటి నుంచి రాశారు. నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

ఇంట్లో మాత్రం నెల రోజులు భార్య చేతి కాఫీ తాగలేదు. తనే పెట్టుకునేవారు. ఆమె భరించింది. తాగుబోతుల కుటుంబాల కోసం 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకామెతో కలిసి పెట్టిన అల్-అనాన్ మీటింగులకు ఆమె వెళ్లడం అప్పుడే మొదలుపెట్టింది.

మందు మానేశాను

ఏడో నెలలో ఆయన వెలిగిపోతూ వచ్చి, "మందు మానేశాను డాక్టర్ గారూ" అన్నారు. మన భాషలో ఇదొక చిక్కు. అప్పటికి మానేసి ఆరు నెలలు కదా అని అయోమయంగా చూశాను. ఆయన అన్నది నాల్‌ట్రెక్సోన్ గురించి. మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1961లో బిల్ విల్సన్‌కు రాసిన ఉత్తరంలో, లాటిన్‌లో సారాకీ ఆత్మకీ ఒకటే మాట ఉందని గుర్తుచేశారు. మనకు విషానికీ విరుగుడికీ ఒకటే మాట ఉంది.

విషయమేమిటంటే ప్రార్థన మళ్లీ మొదలైంది. రోజుకు మూడు గంటలు, ఒక్కోసారి నాలుగు. ఆఫీసుకి ఆలస్యం. తమ్ముడికి తీర్చాల్సిన అప్పు మాటెత్తితే, "అన్నీ ఆయన చూసుకుంటాడు" అని జవాబు. భార్య ఒక్క వాక్యంలో చెప్పింది: "తాగుడు నుంచి బయటికొచ్చారు సార్, ఇంట్లోకి మాత్రం ఇంకా రాలేదు." భక్తి చాటున దాక్కుని, తేల్చుకోవాల్సిన సంగతులను దాటెయ్యడానికి జాన్ వెల్‌వుడ్ అనే మనస్తత్వవేత్త 1980లలోనే పేరు పెట్టారు. దాన్ని ఆధ్యాత్మిక అడ్డదారి అనుకోవచ్చు. బయటినుంచి చూసేవాళ్లకు ఇది గొప్ప మార్పులా కనిపిస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

ప్రార్థన తగ్గించమని నేను చెప్పలేదు. పెద్దాయన చెప్పారు, ముందు తమ్ముడి దగ్గరికి వెళ్లి రా, వచ్చాక కూర్చో అని. మాత్ర ఏడాది నిండేదాకా వేసుకోవాలని నేను పట్టుబట్టాను. వేసుకున్నారు.

ఒక్క కేసుతో ఎంత చెప్పొచ్చు

ఎక్కువ చెప్పకూడదు. నాల్‌ట్రెక్సోన్, మీటింగులు, బయటపడిన నిజం, సెలవిచ్చిన ఆఫీసు, ఇవన్నీ ఒకేసారి పనిచేశాయి. ఏది ఎంతో విడదీయలేను. పెద్ద అధ్యయనాలు చెప్పేది కొంత ఉంది. 1997లో ఫలితాలు వచ్చిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే అమెరికా అధ్యయనంలో 1,726 మందిని మూడు రకాల చికిత్సల్లో పెట్టారు. 12 మెట్ల దారి మిగతా రెండింటికీ తీసిపోలేదు. వైద్య అధ్యయనాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలు, 10,565 మందిని చూసి, పూర్తిగా మానెయ్యడం వరకు ఈ దారి కొంత మెరుగని తేల్చింది. ఎందుకు పనిచేస్తుందని తవ్వినవాళ్లకు ఎక్కువగా దొరికింది చుట్టూ ఉన్న మనుషులు మారడం, తాగకుండా ఉండగలననే ధీమా పెరగడం. వ్యసనం బాగా ముదిరినవాళ్లలో ఆధ్యాత్మికతకూ కొంత వాటా కనిపించింది. నా ఓపీలో కనిపించేదీ దాదాపు అదే.

ఈ అంకెలు చెప్పనిది, రోగి మనసులో ఉన్న దేవుడు ఎలాంటివాడన్నది. భక్తి ఉంది అంటే మంచిదని, లేదు అంటే లోటని రాసుకునే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు నా కేస్ షీట్‌లో అప్పుల కాలమ్ పక్కనే ఒక ప్రశ్న ఉంది: తాగిన మర్నాడు మీ దేవుడు మీతో ఏమంటాడు? నమ్మకం లేనివాళ్లను, మీ మనసు ఏమంటుంది అని అడుగుతాను. వచ్చే జవాబులు వింటే, తర్వాత ఎవరు ఎన్నాళ్లకు వెనక్కి వస్తారో కొంచెం ముందే తెలుస్తోంది.

ఇప్పుడు

26 నెలలైంది. ఆ మూడు రోజుల తర్వాత తాగలేదు. ఎంజైములు మామూలుకొచ్చాయి. నాల్‌ట్రెక్సోన్ ఏడాదికి ఆపాం. వారానికి రెండు మీటింగులు, పొద్దున పావుగంట ప్రార్థన. తమ్ముడి అప్పులో సగం తీరింది.

మిగిలింది పాప. తొమ్మిదో మెట్టు ప్రకారం గాయపరిచినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిచేసుకోవాలి, అలా చెయ్యడం వల్ల వాళ్లకు మళ్లీ దెబ్బ తగలనంతవరకు. ఆయనకు ఆ ఒట్టు సంగతంతా కూతురికి చెప్పేసి తేలికపడాలని ఉంది. నేనూ పెద్దాయనా ఒకటే మాట మీద ఉన్నాం. పధ్నాలుగేళ్ల పిల్లకు, నీ జబ్బుకీ నా తాగుడుకీ ముడిపెట్టుకుని ఇన్నేళ్లు బతికానని చెప్తే ఆయన దించుకున్న బరువు ఆమె మీద పడుతుంది. అందాకా ఆమె స్కూలు మీటింగులకు వెళ్లండి, ఆలస్యం కాకుండా వెళ్లండి అన్నాం. వెళ్తున్నారు. వచ్చిన ప్రతిసారీ "ఇప్పుడు చెప్పొచ్చా?" అని అడిగేవారు. ఇప్పుడు ఆమెకు పదహారు. పోయిన నెల వచ్చినప్పుడు ఆ ప్రశ్న అడగలేదు. త్వరగా పంపించండి, పాపకు లెక్కల పరీక్ష ఉంది, కూర్చోబెట్టి చెప్పాలి అన్నారు. బీపీ చూసి, మూడు నెలల తర్వాతి తేదీ రాసి పంపాను.